‘టేక్’ అను క్రియయు దాని తెలుగును: సాత్తూరు పలుకుబడి సాక్ష్యము

భాషాంతరీకరణమున నామవాచకములు పెట్టు బాధ కంటె క్రియలు పెట్టు బాధ యెక్కువ. రష్యను నవలలోని ‘సమోవారు’నకు తెలుగు లేదని అనువాదకుడు చింతింప నక్కఱ లేదు. ఆ మాట నట్లే యుంచి, అది తేనీటికై నీరు కాచు పాత్ర యని యొక వాక్యమున చెప్పిన చాలును. రెండవ పుట చేరునప్పటికి పాఠకునకు అది పరిచితమగును. క్రియను అట్లు తెచ్చి పెట్టుటకు వీలు లేదు. అది వాక్యమునకు వెన్నెముక. కర్త, కర్మ, కాలము అన్నియు దానికి వ్రేలాడుచుండును. అందును పెద్ద క్రియల వలన చిక్కు లేదు. శాస్త్రగ్రంథములలోని పొడవైన ఇంగ్లీషు క్రియకు సాధారణముగా నొకటే యర్థముండును. నిత్యము నోట నలుగు చిన్న క్రియలే అనువాదకుని పరీక్షించును. ‘గో’, ‘గెట్’, ‘టేక్’ అనునవి యిట్టివి.

ఈ వ్యాసమున ‘టేక్’ అను నొక్క క్రియను మాత్రము పరిశీలింప దలచితిని. నిఘంటువు తెఱచిన తెలుగున మొదట కనబడు మాట ‘తీసికొను’. తమిళమున ‘ఎడు’. రష్యనున ‘బ్రాత్’, ‘వ్‌జ్యాత్’ అని రెండు ధాతువులు జంటగా నిలుచును. ఇంగ్లీషును ఈ మూడు భాషలతో ముడిపెట్టుటకు కారణము కలదు. మా విద్యార్థులు ఇంట తెలుగును, వీథిలో తమిళమును, పుస్తకమున ఇంగ్లీషును ఎదుర్కొనుచుందురు. ఇక రష్యను సాహిత్యము మనకు చిరకాలము ఇంగ్లీషు వాకిటి గుండనే వచ్చినది. నేను రష్యను పండితుడను గాను. సోవియట్టు దినములలో నచ్చయిన స్వబోధినులతో అక్షరములు నేర్చి, నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చిన్న కథలు చదువువాడను. ఆ కొలది పరిచయమునకే నాకు తోచిన విశేష మొకటి కలదు: ‘టేక్’ అను నొక్క మాటలో ఇంగ్లీషు కలిపివేసిన భేదములను రష్యను నిలుపుకొన్నది, వానిలో పెక్కింటిని మా సాత్తూరు తెలుగు కూడ నిలుపుకొన్నది, మన పాఠ్యపుస్తకపు తెలుగు మాత్రము విడిచిపెట్టుచున్నది.

సాత్తూరు వైప్పారు నది యొడ్డున, విరుదునగరమునకును కోవిల్పట్టికిని నడుమ నున్న ఊరు. చుట్టును కరిసల్ నేల, అనగా నల్లరేగడి. అగ్గిపెట్టెలకును, కలముల పాళీలకును, కారపు సేవునకును పేరు వడిన చోటు. విజయనగర, మధుర నాయకుల కాలములలో దక్షిణమునకు తరలి వచ్చిన తెలుగు కుటుంబముల సంతతి ఈ ప్రాంతపు పల్లెలలో నేటికిని ఇంట తెలుగు మాటలాడుచున్నది. చదువు మాత్రము తమిళము. కోవిల్పట్టి దాపుననున్న ఇడైసెవల్ గ్రామము దీనికి చక్కని నిదర్శనము. కు. అళగిరిసామి, కి. రాజనారాయణన్ అను నిరువురును ఆ యూరివారే. ఇరువురును 1923లో పుట్టినవారే. ఇరువురి యింటి భాషయు తెలుగే. ఇరువురును తమిళమున వ్రాసి ప్రసిద్ధులైరి. అళగిరిసామి గోర్కీ రచనలను తమిళమునకు తెచ్చినవారిలో నొకరు. తెలుగింట పుట్టినవాడు రష్యను రచనను తమిళముగా మార్చుట ఈ నేలకు వింత కాదు. రాజనారాయణన్ 1982లో కరిసల్ ప్రాంతపు మాటలకు ప్రత్యేకముగా నిఘంటువు ప్రకటించి, పల్లెవాని తమిళమునకు గ్రంథగౌరవము కలిగించెను. అదే మట్టిలోని తెలుగునకును ఆ గౌరవము చెల్లవలసి యున్నది. ఈ వ్యాసము ఆ పనిలో నొక్క క్రియ మేరకు చేయు ప్రయత్నము.

నాలుగు ఇంగ్లీషు వాక్యములను ఊహింపుడు. తండ్రి బిడ్డను బడికి ‘టేక్’ చేసెను. కూలివాడు మూటను అంగడికి ‘టేక్’ చేసెను. రైతు ఎద్దులను చెఱువునకు ‘టేక్’ చేసెను. అన్న రోగియైన తమ్ముని మధురకు ‘టేక్’ చేసెను. అభ్యాసపుస్తకముల వెనుక నిచ్చు జవాబులలో ఈ నాల్గింటికిని ‘తీసికొని వెళ్ళెను’ అనియే యుండును. ఇంగ్లీషున ఒక్క మాట గనుక తెలుగునను ఒక్క మాట, లెక్క సరిపోయినది. మా తరగతిలో తెలుగింటి పిల్లలను పుస్తకము మూయించి నోట చెప్పుమన్నచో నాలుగు జవాబులు వచ్చును. బిడ్డను పిలుచుకొని పోయినాడు. మూటను ఎత్తుకొని పోయినాడు. ఎద్దులను తోలుకొని పోయినాడు. తమ్ముని బండిలో వేసికొని పోయినాడు. నడువగల మనిషి వేఱు, నడువలేని వస్తువు వేఱు, అదలించి నడపవలసిన పశువు వేఱు, వాహనమున చేర్చవలసిన రోగి వేఱు. ఈ వివేకము ఆ పిల్లలకు ఎవరును బోధింపలేదు. అవ్వల నోటినుండి వచ్చినది.

ఇప్పుడు రష్యను చూడుడు. నడిపించుకొని పోవుటకు ‘వెద్యోత్’ అందురు. చేతనో వీపుననో మోసికొని పోవుటకు ‘నెస్యోత్’. బండిలో పెట్టుకొని పోవుటకు ‘వెజ్యోత్’. ఈ మూటిలో నేదో యొకటి నిర్ణయింపక రష్యనువాడు వాక్యమును పూర్తి చేయనే లేడు. బిడ్డను బడికి ‘వెద్యోత్’ అనగా బిడ్డ తన కాళ్ళతో నడచుచున్నాడు. ‘నెస్యోత్’ అనగా చంకబిడ్డ. ‘వెజ్యోత్’ అనగా బండియో బస్సో కలదు. విచిత్రమేమనగా, మొదటి దానికిని మూడవ దానికిని మూలరూపములు వ్రాతలోనే భిన్నములు; చెవికి రెండును ఒక్కటిగానే వినబడును. అయినను, కాలమును పురుషుని చేర్చి వాడగనే విడిపోవును. రష్యనులో ‘వెద్యోత్’ వాహనమును నడుపుటకును చెల్లును. మన ‘తోలు’ అట్టిదే గదా! ఎద్దులను తోలుదుము, బండిని తోలుదుము. రాయలసీమలో మనుష్యులను గూడ తోలుకొని పోవుదురు. ‘వెజ్యోత్’ అను మాటకు మఱొక సొగసు కలదు. కర్త లేక వాడినపుడు అదృష్టము కలసివచ్చుచున్నదని దాని యర్థము. మనిషిని అదృష్టము బండి యెక్కించుకొని పోవునని కాబోలు వారి భావన.

ఇంతకును దీనివలన నష్టమేమి? రష్యను రచయిత ‘వెద్యోత్’ అని వ్రాసినపుడు పాఠకునకు ఇరువురు నడచుచున్న చిత్రము కన్నులకు కట్టును. ఇంగ్లీషు అనువాదమున అది ‘టుక్’ అగును. చిత్రము సగము చెరగును. ఆ యింగ్లీషును చూచి తెలుగు చేయువాడు ‘తీసికొని వెళ్ళెను’ అని వ్రాయును. మిగిలిన సగమును పోవును. రెండు చేతులు మాఱిన సొమ్ము తఱుగుట లోకరీతి. గోర్కీ నవల ‘అమ్మ’గా తెలుగువారి యిండ్లకు చేరినది క్రొవ్విడి లింగరాజుగారి చేతిమీదుగా, దానికి ఇంగ్లీషే వాహకము. అట్టి పుస్తకములు తెలుగు యువకులను కదలించిన మాట నిజము. వాహకము ఇంగ్లీషైనంత మాత్రమున ఆ శ్రమను చిన్నచూపు చూచుట నా యుద్దేశము కాదు. తరువాతి కాలమున మాస్కోలో ‘ప్రగతి’ ప్రచురణాలయము తెలుగు విభాగమును నడపినది. ఉప్పల లక్ష్మణరావుగారు, రాచమల్లు రామచంద్రారెడ్డిగారు మున్నగువారు అచ్చట నుండి అనువదించిరి. రామచంద్రారెడ్డిగారి ‘అనువాద సమస్యలు’ అను గ్రంథమునకు 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అనువాదమును గూర్చిన విమర్శకు అంత గౌరవము దక్కుట తెలుగున అరుదు. సోవియట్టు రాజ్యము 1991లో ముగిసినది. దానితో ఆ పుస్తకముల ప్రవాహమును ఎండినది. కాని ఇంగ్లీషు మీదుగా అనువదించు పద్ధతి మాత్రము ఎండలేదు. నేడు జర్మను, జపాను, స్పానిషు కథలన్నియు మనకు ఆ త్రోవనే వచ్చుచున్నవి. కావున ‘టుక్’ అని కనబడినచోట మూలమున ఏ చిత్రముండి యుండునో యని నిలిచి యాలోచించుట అనువాదకుని నిత్యకృత్యము కావలెను. సందర్భము చాలవఱకు చెప్పనే చెప్పును: ఆ బిడ్డ వయస్సెంత? ఆ బడి యెంత దూరము?

ఇక ‘ఎత్తుకొని’ అను మాటను గూర్చి కొంత విస్తరింపవలసి యున్నది. మా పిల్లలకు మార్కులు పోవునది ఇచ్చటనే. సాత్తూరు పిల్లవాడు ‘పుస్తకము ఎత్తుకొని వచ్చితిని’ అని వ్రాయును. పుస్తకము తెచ్చితినని వాని భావము. కృష్ణా గోదావరీ తీరములవారు దీనిని చదివినచో ఎక్కడనో దొంగిలించి తెచ్చినాడని నవ్వుదురు. ‘ఎత్తుకొని పోవు’ అనగా అచ్చట అపహరించుటయే. కొందఱు పండితులు ఇది తమిళపు ‘ఎడుత్తుక్కొండు వా’ అనుదానికి తెలుగు ముసుగు అని త్రోసిపుచ్చుదురు. ఆ తీర్పు తొందరపాటుదని నా యభిప్రాయము. తమిళమున ‘ఎడు’ నిలుచు చోటులను, తెలుగున ‘ఎత్తు’ నిలుచు చోటులను ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. వారు ‘పిచ్చై ఎడు’ అన్నచోట మనము బిచ్చమెత్తుదుము. వారు ‘పిఱవి ఎడు’ అన్నచోట మనము జన్మమెత్తుదుము. దేవుడు వారికి అవతారము ‘ఎడు’క్కును; మనకు అవతారమెత్తును. వారి రాజు ‘పడై ఎడు’త్తు వచ్చును, మన రాజు దండెత్తి వచ్చును. వారు ‘ఓట్టం ఎడు’ప్పరు; మనము పరుగెత్తుదుము. ఈ పలుకుబడులను సాత్తూరువారు తమిళము నుండి ఎరువు తెచ్చినారనుట చెల్లదు. ఇవి తెలుగు దేశమంతట నున్నవి, కావ్యములలో నున్నవి. కావున ‘ఎత్తు’ అను క్రియకు పైకి లేపుట యను నర్థము మాత్రమే గాక, స్వీకరించుట, పూనుట యను నర్థములును తెలుగున సహజములే. ఉత్తరపు తెలుగు ఆ యర్థమును సమాసములలో నిలుపుకొని, విడిమాటలో విడిచినది. దక్షిణపు తెలుగు విడిమాటలో గూడ నిలుపుకొన్నది. తమిళపు పొరుగు ఆ నిలుకడకు తోడ్పడి యుండవచ్చును గాని, విత్తనము మనదే.

ఈ చుట్టరికమును నమ్మి కన్నులు మూసికొని నడచినను ప్రమాదమే. తమిళమున ‘పేర్ ఎడు’ అనగా మంచి పేరు సంపాదించుట. తెలుగున ‘పేరెత్తు’ అనగా పేరు ఉచ్చరించుట. తఱచుగా కోపముతో వాడు మాట. ‘వాని పేరెత్తకుము’ అని గదా యందుము. కొడుకు మంచి పేరెత్తినాడని వ్రాసిన పిల్లవానికి ‘పేరు తెచ్చుకొన్నాడు’ అనవలెనని చెప్పి తీరవలెను. ఒక్క క్రియలోనే కలసి నడచు దారియు, విడిపోవు దారియు నున్నవి. ఏది యెచ్చట విడిపోవునో చెప్పుటయే ఉపాధ్యాయుని పని. మొత్తముగా కొట్టివేయుట సులభము. దానికి చదువు అక్కఱ లేదు.

రష్యను క్రియకు మఱొక లక్షణము కలదు. సంస్కృతము తెలిసిన తెలుగువానికి అది వెంటనే బోధపడును. ‘న్యాత్’ అను నంశము నేటి రష్యనున విడిగా నిలువదు. దానికి మూలార్థము తీసికొనుటయే. ముందు ఉపసర్గ చేరగనే అర్థము మలుపు తిరుగును. ‘ప్రిన్యాత్’ అనగా స్వీకరించుట. ‘జన్యాత్’ అనగా ఆక్రమించుట. ‘పద్న్యాత్’ పైకెత్తుట. ‘అత్న్యాత్’ లాగికొనుట. ‘నన్యాత్’ కూలికి పెట్టుకొనుట. ‘అబ్న్యాత్’ కౌగిలించుకొనుట. ‘పన్యాత్’ అర్థము చేసికొనుట. మన ‘హృ’ ధాతువును స్మరింపుడు. దానికిని తీసికొని పోవుటయే మూలార్థము. ఆహారము, విహారము, సంహారము, పరిహారము, ప్రహారము అని ఉపసర్గతో ఎంత దూరము పోయినది! ఉపసర్గ ధాత్వర్థమును బలవంతముగా మఱియొక చోటికి ఈడ్చుకొని పోవునని ప్రాచీన వైయాకరణులు ఈ మాటలనే ఉదాహరించిరి. ‘గ్రహ’ ధాతువును అట్టిదే: సంగ్రహించు, నిగ్రహించు, అనుగ్రహించు, పరిగ్రహించు. పట్టుకొనుట యను నర్థమునుండి తెలిసికొనుట యను నర్థమునకు ‘గ్రహించు’ ఎట్లు వచ్చినదో, తీసికొనుట నుండి ‘పన్యాత్’ అట్లే వచ్చినది.

అచ్చ తెలుగునకు ఉపసర్గలు లేవు. మన భాష పని జరుపుకొనునది క్రియకు వెనుక చేరు మఱియొక క్రియతో. తీసివేయు, తీసిపెట్టు, తీసికొను, తీసికొనిపోవు, తీసికొనివచ్చు. రష్యను ముందు చెప్పినదానిని మనము వెనుక చెప్పుదుము. ‘కొను’ చేరినపుడు ఫలము కర్తకు చెందును. దీనిని మన వ్యాకరణములు ఆత్మనేపదార్థముగా గుర్తించినవి. ఈ ‘కొను’నకే మొదట స్వీకరించుట యను నర్థము, విడిగా నిలిచి నేడు వెల యిచ్చి పుచ్చుకొనుటకు పరిమితమైనది. కాబట్టి ‘తీసికొను’ అను మాటలో తీసికొనుట రెండు మారులు జరుగుచున్నది. అంత బలమైన మాటను ప్రతి ‘టేక్’నకును అడ్డము పెట్టుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రము.

‘కొను’ లేని ‘తీయు’ చేయు పనిని చూచినచో ఆశ్చర్యము కలుగును. మనము టోపీ తీయుదుము. ఛాయాచిత్రము తీయుదుము. సినిమా తీయుదుము. బ్యాంకులో డబ్బు తీయుదుము. పంట తీయుదుము. ఈ యైదింటికిని ఇంగ్లీషువాడు ‘టేక్’ అను మాటతో నెగ్గలేడు. ఛాయాచిత్రమునకు దానిని ఒంటిగాను, టోపీకి తోకతోను వాడి, సినిమాకును డబ్బునకును పంటకును వేఱు వేఱు క్రియలు వెదకికొనవలెను. రష్యనువానికి ఐదింటికిని ‘స్న్యాత్’ అను నొక్కటే చాలును! టోపీని, చిత్రమును, సినిమాను, డబ్బును, పంటను అతడును ‘తీయును’. సాత్తూరు రేగడిలో ప్రత్తి ‘తీయు’ తెలుగు ఆడుకూతురునకును, మాస్కోలో చలనచిత్రము ‘తీయు’ దర్శకునకును క్రియ ఒక్కటే. ఈ సామ్యము చుట్టరికము కాదు; మనుష్యుల యూహ ఒకే త్రోవ త్రొక్కుట. కాని అనువాదమునకు దీనివలన నొక పాఠము కలదు. రష్యనునుండి తెలుగునకు సూటిగా వచ్చినచో కలిసిపోవు చోటులు, ఇంగ్లీషు మీదుగా వచ్చినచో విడిపోవును. విడిగా నుండవలసినవి కలిసిపోవును.

రష్యనులో జంటక్రియల సంగతి వేఱొక చిక్కు. ‘బ్రాత్’ అను రూపము వ్యాపారమును సూచించును. ‘వ్‌జ్యాత్’ ముగింపును సూచించును. నా పుస్తకమును ఎవరు ‘బ్రాల్’ అని యడిగినచో, ఎవరో తీసి మరల పెట్టినారను భావము తోచును. పుస్తకము ఎదుటనే యుండవచ్చును. ఎవరు ‘వ్‌జ్యాల్’ అని యడిగినచో పుస్తకము లేదు, దొంగను వెదకుచున్నాడు. ఇంగ్లీషున రెండును ‘టుక్’. తెలుగున ‘నా పుస్తక మెవరు తీసిరి?’ అనుటకును ‘నా పుస్తక మెవరు తీసికొని పోయిరి?’ అనుటకును గల భేదము రష్యను భేదమునకు మిక్కిలి దగ్గఱ. మొదటి ప్రశ్నకు జవాబు ‘నేనే, చూచి పెట్టితిని’ అని రావచ్చును. రెండవ దానికి రాదు. ఈ చిన్న ‘కొనిపోవు’ ఎంత పని చేయునో గమనింపక, రెండు చోటులను ‘తీసికొనెను’ అని వ్రాసిన అనువాదకుడు కథలోని అనుమానమునే చంపివేయును.

పరీక్షల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. ఇంగ్లీషు విద్యార్థి పరీక్షను ‘టేక్’ చేయును, అనగా పుచ్చుకొనును. రష్యను విద్యార్థి దానిని అప్పగించును. ‘జ్దాత్’ అను ఆ క్రియకు మూలము ఇచ్చుటయే. తెలంగాణమున ఉర్దూ సాహచర్యమున పరీక్ష ‘ఇచ్చుట’ వినబడును. మనమును తమిళులును పరీక్ష వ్రాయుదుము. ఒక్క వ్యవహారమున ఒకడు పుచ్చుకొనుచున్నాడు, ఒకడు ఇచ్చుచున్నాడు, ఒకడు వ్రాయుచున్నాడు. ముగ్గురును చేయునది ఒకే పని. రష్యనున ‘జ్దవాల్’ అనగా పరీక్షకు కూర్చుండెను. ‘జ్దాల్’ అనగా నెగ్గెను. ‘జ్దవాల్, కాని జ్దాల్ కాలేదు’ అని వారు చెప్పుకొనుట కలదు. తెలుగున ‘వ్రాసినాడు గాని నెగ్గలేదు’ అని రెండు క్రియలు వాడిన గాని ఆ మాట రాదు. నిఘంటువులో సమానార్థకమును వెదకువాడు ఇచ్చట పూర్తిగా మోసపోవును.

ఇక నేటి వార్తాపత్రికల తెలుగు. నిర్ణయము తీసికొనుట, చర్య తీసికొనుట, బాధ్యత తీసికొనుట, సమయము తీసికొనుట, విశ్రాంతి తీసికొనుట, జాగ్రత్త తీసికొనుట, బస్సు తీసికొనుట. స్నానము తీసికొనుట గూడ నొక అనువాదమున చూచితిని. ఎచ్చటికి తీసికొనిపోయిరో తెలియదు. వీనినన్నింటిని ఒక్క కట్టగా కాల్చవలెనని నేననను. నిర్ణయము తీసికొనుట స్థిరపడినది. రష్యనువారును నిర్ణయమును ‘ప్రిన్యాత్’ చేయుదురు, చర్యలను ‘ప్రిన్యాత్’ చేయుదురు. కావున ఆ యూహ అంత వికృతమైనది కాదు. ‘నిశ్చయించెను’ అనునది పొట్టిదియు గట్టిదియు నైనను, సభలును మంత్రివర్గములును కూడి చేయు పనికి ‘నిర్ణయము తీసికొనుట’ ఒక ఛాయను చేర్చినదని యొప్పుకొందును. బాధ్యతను వహించుట, పని చేపట్టుట, విశ్రమించుట, జాగ్రత్తపడుట అను మాటలు మనకుండగా వానిని మూల బెట్టుట మాత్రము అన్యాయము. అన్నింటిలో విచారకరము ‘సమయము తీసికొనుట’. సాత్తూరు నుండి మధురకు రెండు గంటలు ‘పట్టును’ అని నిరక్షరాస్యుడును చెప్పును. కాలము మనలను పట్టి నిలుపునను ఆ క్రియ ఎంత చక్కనిది! రష్యనున ఇదే చోట ‘జన్యాత్’ వచ్చును. కాలము స్థలమువలె ఆక్రమింపబడును. ఇంగ్లీషువానికి వేఱు మాట లేక ‘టేక్’ అన్నాడు. ఉన్న మాటను విడిచి, లేనివాని మాటను మనమేల తెచ్చికొనవలెను? బస్సు విషయమునను ఇంతే. మనము బస్సు ఎక్కుదుము. ఆలస్యమైనచో పరుగెత్తి పట్టుకొందుము. బస్సును తీసికొనువాడు దాని యజమానియైన కావలెను, దొంగయైన కావలెను.

మందు సంగతియు ఇట్టిదే. మాత్ర వేసికొందుము, కషాయము త్రాగుదుము, లేహ్యము నాకుదుము, సూది వేయించుకొందుము. ఇన్నియు ఇంగ్లీషున ‘టేక్’. వేసికొనుటకును వేయించుకొనుటకును గల భేదమును ఎఱుగని అనువాదకుడు, రోగి తనకు తానే సూది పొడుచుకొన్నట్లు వ్రాసి వైద్యుని పని తగ్గించును.

ఇంగ్లీషునకు గూడ పూర్వము ఈ క్రియ లేదు. ‘నిమన్’ అను వారి సొంత క్రియ యుండెడిది. జర్మనులోని ‘నేమన్’నకు అది తోబుట్టువు. ఉత్తరదేశపు నావికులు తెచ్చిన ‘టాక’ అను క్రియ దానిని క్రమముగా త్రోసివేసి ‘టేక్’ అయి కూర్చున్నది. అతిథి గృహస్థుడైన కథ. మన ‘తీసికొను’ బయటి మాట కాదు. కాని దాని భుజముపై చేయి వేసికొని లోనికి వచ్చుచున్నది బయటిదే.

దీనికి ఆక్షేపణము ఒకటి కలదు. అది తేలికగా కొట్టివేయదగినది కాదు. పరీక్షాపత్రములు దిద్దువాడు ఏ జిల్లావాడో తెలియదు. ప్రతి ప్రాంతమువారు తమ యింటి క్రియను వ్రాసినచో ప్రమాణ భాష యేమగును? తమిళనాట చెదరి యున్న తెలుగు పిల్లలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములతో మిగిలిన సంబంధము ఆ ప్రమాణ భాషయే గదా యని యడుగుదురు. సత్యమే. అందువలననే ‘ఎత్తుకొని వచ్చితిని’ అను వాక్యము ప్రక్కన ‘తెచ్చితిని’ అని వ్రాయించి, ఉత్తరమున దాని కేమి యర్థము వచ్చునో చెప్పుచుందును. అయితే రెండవ మాట నేర్పుట వేఱు, మొదటి మాటను తప్పని కొట్టివేయుట వేఱు. 2006లో వచ్చిన చట్టము వలన తమిళనాట పాఠశాలలలో తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా తప్పనిసరి యైనది. రాజ్యభాష నేర్చుట ఎవరికిని నష్టము కాదు. మా పిల్లలకు అది అన్నము పెట్టు భాష. కాని తెలుగునకు మిగులు గంటలు కొలదియే. ఆ కొలది గంటలలో, అవ్వ చెప్పిన ‘పిలుచుకొని పోయినాడు’ అను మాటపై ఎఱ్ఱ గీత పడినచో, పిల్లవాడు ఇంటికి పోయి ఏమి తలచును? తన యింట నున్నది తెలుగు కాదని తలచును. బడిలోని తెలుగు తనది కాదని గూడ తలచును. ఆ తరువాత వాడు ఏ తెలుగును మాటలాడడు. ‘పిలుచుకొని పోవుట’ ప్రమాణమునకు విరుద్ధమును కాదు. ఎచ్చటి తెలుగువాడైనను దానిని వినిన అర్థము చేసికొనును. దానిని కొట్టివేసి ‘తీసికొని వెళ్ళెను’ అనిపించుటలో మనము నేర్పుచున్నది ప్రమాణ తెలుగు కాదు; తెలుగు లిపిలో నున్న ‘టేక్’.

కొట్టివేయవలసినవియు లేకపోలేదు. తమిళమున ఆకలి గూడ ‘ఎడు’క్కును, ‘పసి ఎడుక్కుదు’ అందురు. దానిని చూచి ‘ఆకలి ఎత్తుచున్నది’ అని మా పిల్లలలో నొకరిద్దఱు ఏటేట వ్రాయుదురు. ఇచ్చట తెలుగున ఏ తోడు మాటయు దానికి సాక్ష్యము పలుకదు. ఏ పల్లెలో నైనను తెలుగువానికి ఆకలి వేయును, లేదా ఆకలి యగును. ఆ వాక్యముపై నేను గీత గీయుదును. దాని క్రింది వాక్యమున అదే పిల్లవాడు, ఆకలిగొన్న తమ్ముని అక్క ఇంటికి పిలుచుకొని పోయెనని వ్రాసి యున్నచో, దానికి పూర్తి మార్కులు వేయుదును.